వానకాలపు తేనె బరువు

చిన్ థువాంగ్ మీద నా ఫిర్యాదుకు ఈ వానకాలంతో పదకొండేళ్లు నిండుతాయి. అతను నా భార్య థామ్‌కు సొంత అన్న, నాకు బావ. అప్పట్లో మా తేనె సంఘానికి కార్యదర్శి. తొమ్మిదో తరగతి దాకా చదివాడు. నన్ను సౌ అంటారు, మూడో తరగతిలోనే మానేశాను. మా మధ్య జరిగిందంతా ఆ ఆరు తరగతుల తేడా వల్లే జరిగిందని మా కాలవ వెంబడి కొందరంటారు. నేను అలా అనను. నలుగురిలో నోరు విప్పి "అవును, నేనే చెప్పాను" అనడానికి తొమ్మిదో తరగతి అక్కర్లేదు.

ఊ మిన్ అడవిలో మా నాన్న నాకు విడిచిపెట్టినది ఒక్కటే, సంఘంలో ఆయన వాటా. చామ్ చెట్ల మధ్య కాస్త ఎండ పడే జాగా చూసి, పొడుగు గుంజ ఒకటి, పొట్టి గుంజ ఒకటి పాతి, రెండింటి మీద ఏటవాలుగా వాసం వేస్తాం. తేనెటీగలు దాన్ని వంగిన కొమ్మ అనుకుని వచ్చి పట్టు పెడతాయి. వాసం ఎత్తు కొస ఎటు తిప్పాలో, పైనున్న ఆకులు ఎంత కొట్టాలో తెలియనివాడు నూరు వేసినా నూరూ ఖాళీగానే ఉంటాయి. మా నాన్నకు తెలుసు. నాకూ తెలుసు. ఆ విద్య ఒక్కటే నాకు వచ్చింది, అది చెయ్యడానికి ఆ వాటా ఒక్కటే ఉంది.

సంఘం కట్టుబాట్లు పాతవి. పట్టు కోసిన రోజే ఇద్దరు పొరుగువాళ్ల ఎదుట లీటరు గిన్నెతో తేనె కొలిచి పుస్తకంలో రాయించాలి. అమ్మకం రోజు దాకా ఎవరి తేనె వాళ్ల ఇంట్లోనే ఉంటుంది. తేనెకు నిప్పు చూపిస్తే ఆ కారు డబ్బు పోతుంది. నీళ్లు కలిపినా, సంఘానికి తెలియకుండా బయటివాళ్లకు అమ్ముకున్నా వాటా పోతుంది, అది సరిహద్దులో ఉన్నవాడికి చేరుతుంది. నా సరిహద్దులో ఉన్నది చిన్.

ఆ ఏడాది వానలు పడటం మొదలయ్యాక కాన్ థో నుంచి ల్వాన్ అనే వ్యాపారస్తురాలు పడవ మీద వచ్చింది. అంతకుముందు కొనేవాళ్లందరూ లీటర్ల లెక్కన కొనేవాళ్లు. ఈమె అదే ధరకు కిలోల లెక్కన కొంటానంది. సంఘం ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్లందరం ముఖాలు చూసుకున్నాం.

"లీటరంటే మాకు తెలుసమ్మా. మధ్యలో ఈ కిలో ఎందుకు?" అన్నాడు తాం పెదనాన్న. ఆయన మా సంఘం పెద్ద, అప్పటికే డెబ్బై దాటినవాడు.

"లీటరు సీసా ఒకటి, తక్కెడ ఒకటి ఇప్పించు పెదనాన్నా, చెబుతాను" అంది ల్వాన్.

ఆమె ముందుగా ఖాళీ సీసాను తూచి ఆ బరువు పక్కన పెట్టింది. తర్వాత నీళ్లు పోసి తూచింది. సరిగ్గా కిలో. పారబోసి, తుడిచి, బియ్యపు సారా పోసింది. తొమ్మిది వందల నలభై. వంటనూనె తొమ్మిది వందల ఇరవై. ఉప్పుచేపల ఊట పోస్తే పన్నెండు వందలు.

"సీసా ఒకటే, లీటరూ ఒకటే. లోపల పోసేదాన్ని బట్టి బరువు మారిపోతుంది. చూశారా?" అంది.

"అందుకే మన చిన్ రెండు సీసాల సారా పట్టించినా నడకలో బరువు తెలీదు" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"వాళ్లావిడ చేపల ఊట పోసి పంపితే తెలిసొచ్చేది" అన్నాడు ఇంకొకడు. చిన్ కూడా నవ్వాడు.

చివరికి సంఘం జాడీలోంచి తేనె తీసి పోసింది. పద్నాలుగు వందల గ్రాములు. లీటరు ఇచ్చి కిలో నాలుగు వందల గ్రాములకు డబ్బు తీసుకోవచ్చని అందరికీ ఒకేసారి అర్థమైంది. తాం పెదనాన్న మీసం దువ్వుకుంటూ, "ఇన్నాళ్లూ మనం ఎంత పోగొట్టుకున్నామో" అన్నాడు. చిన్ కాగితం తీసి, తన గుండ్రటి అక్షరాలతో, 'ఒక లీటరు తేనె, ఒక కిలో నాలుగు వందల గ్రాములు' అని రాసి ల్వాన్ చేత సంతకం పెట్టించాడు.

ఆ జాడీలో ఉన్నది ఎండకాలపు తేనె. మేం అమ్మబోయేది వానకాలపుది. అక్కడ కూర్చున్న ఇరవై ముగ్గురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. నాకూ తట్టలేదు.

నెలా పదిహేను రోజుల తర్వాత నా పట్లు కోశాను. నూట ఇరవై లీటర్లు వచ్చింది. చిన్, అవతలి గట్టు ఊత్ ఇద్దరూ నిలబడగా కొలిచి రాయించాను. ఇరవై లీటర్ల డబ్బాలు ఆరు నిండాయి. మర్నాడు థామ్ సంతకు తీసుకెళ్లే తక్కెడ మీద ఒక లీటరు పెట్టి చూశాను. పదమూడు వందల యాభై. సీసా మార్చి చూశాను. అంతే వచ్చింది.

సాయంత్రం చిన్ పడవ దిగి వచ్చాడు.

"ఎంతుంది?" అన్నాడు కూర్చోకుండానే.

"పదమూడు యాభై."

"నాలుగొందలుండాలి సౌ. కాగితంలో అదే రాశాం."

"వానకాలం తేనె బావా. మన చిన్నప్పట్నుంచీ ఇంతే కదా పల్చన."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. కాగితానికి తెలుసా? ఆమె తూకానికి వానకాలం గీత ఒకటి, ఎండకాలం గీత ఒకటి ఉన్నాయా? తగ్గిందంటే నీళ్లు కలిపారంటుంది. అప్పుడు వాటా పోయేది ఎవరిది?"

థామ్ టీ తెచ్చి పెట్టింది.

"పెద్ద మూకుడులో నీళ్లు కాచి, అందులో తేనె గిన్నె దించు" అన్నాడు చిన్. "సన్నసెగ. తేనె మరగకూడదు. ఉన్న నీరంతా మెల్లగా ఎగిరిపోతుంది. లీటరు తీసి తూచుకుంటూ ఉండు. పద్నాలుగొందలు రాగానే దించెయ్."

"నిప్పు చూపించానంటారు."

"నిప్పు చూపించేది నీళ్లకి. తేనెకి కాదు." టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు. "నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు. కార్యదర్శిని కదా."

అతను వెళ్లాక వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. లీటరుకు యాభై గ్రాములు పెరిగితే నూట ఇరవై లీటర్లకు ఆరు కిలోలు. వాటా నిలబడుతుంది, పైగా ఆరు కిలోల డబ్బు. నీరు ఎగిరిపోతే మొత్తం బరువు తగ్గాలి గానీ పెరగడం ఏమిటని నాకు తోచలేదు. నా కళ్ల ముందు ఉన్నది సీసా. సీసా బరువెక్కితే తేనె బరువెక్కిందనే అనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ తేనెను లీటర్లలో తప్ప చూడనివాడికి లీటరు ఎక్కడికీ పోదు, అది ఉన్నచోటే ఉంటుంది, మారేదల్లా బరువే.

మూడు రోజులు కాచాను. తెల్లవారగానే పొయ్యి రాజేసి, చీకటి పడే వేళకు ఆర్పేవాణ్ణి. చామ్ కట్టెల పొగ కళ్లలో పడి ముక్కు కారుతూనే ఉంది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఈగలను తోలడం. తేనె వాసన పట్టి అడవిలో ఉన్న ఈగలన్నీ మా పెరట్లోనే ఉన్నాయి. తేనె ఒక్కసారి కూడా ఉడకలేదు, బుడగ రాలేదు. అందుకే ఏమీ పోవడం లేదనిపించింది. చూరు కింద తాటాకులు మాత్రం మూడు రోజులూ తడితడిగా ఉన్నాయి. మొదటి రోజు పదమూడు డెబ్బై, రెండో రోజు పదమూడు తొంభై. మూడో రోజు మధ్యాహ్నం ముల్లు పద్నాలుగు వందల మీద నిలబడింది. నడుం పట్టేసి అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

డబ్బాల్లోకి తిరిగి పోస్తుంటే థామ్ పక్కన నిలబడి చూసింది.

"ఏమయ్యా, ఆరు డబ్బాలు కదా దింపావు. అయిదు నిండి ఆరోదాని అడుగు కనిపిస్తోందేంటి?"

"నురగ తీశాను."

"నురగ డబ్బాడుంటుందా?"

"ఆమె కొనేది బరువు. బరువు పెరిగింది. నువ్వు మూత బిగించు."

థామ్ మూత బిగించింది. ఆమె ఇంకొక్క మాట అని ఉంటే నేను లీటరు గిన్నె తీసి కొలిచేవాణ్ణేమో. కొలిచినా ఏం చేసేవాణ్ణో తెలియదు. పోయింది పోయింది, తిరిగి పొయ్యడానికి నీళ్లు తప్ప ఏముంది.

అమ్మకం రోజున ల్వాన్ పడవ సంఘం ఇంటి రేవులో ఆగింది. ముందు ఊత్ డబ్బాలు తూచారు. ల్వాన్ ఒక లీటరు తీసి చూసింది. పదమూడు నలభై.

ఊత్ తక్కెడ ముల్లు వైపు చూస్తూ, "తగ్గింది కదా చెల్లెమ్మా" అన్నాడు.

"వానకాలానిది కదన్నా, ఇంతే ఉంటుంది" అంది ఆమె రాసుకుంటూ. "ఎన్ని కిలోలుంటే అన్ని కిలోలకు డబ్బు. అంతే."

"మరి కాగితంలో పద్నాలుగు వందలని ఉందే?"

"అది సుమారుగా ఎంతొస్తుందో తెలియడానికి రాసుకున్నది. పడవ ఎంత పెద్దది తేవాలో చూసుకోవాలి కదా నేను."

ఆ మాట విన్నప్పుడు నా భుజం మీద డబ్బా ఉంది. చిన్ వైపు చూశాను. అతను రసీదు పుస్తకంలో తల దూర్చాడు.

నా వంతు వచ్చింది. లీటరు తీసి తూచి ల్వాన్ కనుబొమలు ఎగరేసింది. "సరిగ్గా పద్నాలుగు వందలు. సౌ అన్న తేనె అందరికంటే చిక్కన." చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా చూశారు. ఆ సంతోషం డబ్బాలన్నీ తక్కెడ ఎక్కేదాకే. మొత్తం నూట నలభై ఆరున్నర కిలోలు. ల్వాన్ దాన్ని లీటర్లలోకి తిప్పి, "నూట నాలుగు లీటర్ల ఆరు వందలు" అని చదివింది.

తాం పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తిరగేశాడు. "నీ పేరు మీద నూట ఇరవై ఉందిరా."

ఆ అంకె కింద వేలు పెట్టి నా వైపు తిరిగాడు.

"పదిహేను లీటర్ల పైన ఏమైంది సౌ?"

"కాచాను పెదనాన్నా" అన్నాను.

ల్వాన్ వేలితో తేనె నాకి చూసింది. పక్కనున్నవాళ్లూ చూశారు. మాడు వాసన లేదు, రంగు తిరగలేదు. మూడు రోజులు అంత జాగ్రత్తగా కాచాను మరి. నా జాగ్రత్తే నాకు సాక్ష్యం లేకుండా చేసింది.

"కాచినట్టు లేదే" అన్నాడు ఊత్ మెల్లగా. నా మీద కోపం ఉన్నవాడు కాదు. ఉన్నమాటే అన్నాడు.

"చెల్లెమ్మా, కాస్తే తగ్గుతుందని నువ్వయినా చెప్పు" అన్నాను ల్వాన్‌తో.

"తగ్గుతుందన్నా. కానీ ఎంత ఎగిరిపోయిందో, ఎంత బయట అమ్ముడుపోయిందో నా తక్కెడ చెప్పదు. ఉన్నదాన్నే తూస్తుంది అది." కాలవలో నీరు తీస్తోంది, పడవ ఇరుక్కుంటుందని ఆమె లేచింది. మా తేనె అంతా ఎక్కించుకుని వెళ్లిపోయింది.

తాం పెదనాన్న చిన్ వైపు తిరిగాడు. "నీ ఇల్లు వాడి పక్కనే కదా. కాచాడా?"

"పొగ అయితే చూశాను" అన్నాడు చిన్.

"కాయమని నువ్వే చెప్పావు బావా" అన్నాను.

చిన్ నా వైపు చూశాడు. కోపం లేదు అతని ముఖంలో. జ్వరం మనిషిని చూసినట్టు చూశాడు. "పొగ చూశాను పెదనాన్నా. పొయ్యి మీద ఏముందో చూడలేదు."

థామ్ రేవు మెట్ల దగ్గర నుంచి గట్టిగానే చెప్పింది, "నేను చూశాను, మా అన్న చెబుతుంటే విన్నాను" అని. భార్య మాట ఎవరు లెక్కలోకి తీసుకుంటారు. పైగా అన్నకు వ్యతిరేకంగా మొగుణ్ణి వెనకేసుకొస్తోందని ఇద్దరు ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు.

"ఎవరి తేనైనా ఒక్క డబ్బా ఇవ్వండి. మూడు రోజుల్లో మీ ఎదురుగా కాచి చూపిస్తాను" అన్నాను.

"ఇంకెక్కడి తేనెరా. పడవ వెళ్లిపోయింది." పెదనాన్న పుస్తకం మీద చెయ్యి ఉంచాడు. అమ్మకం రోజు తగువు ఆ రోజే తెంచాలి, అది కూడా కట్టుబాటే. "నాకు నిన్ను చూస్తే దొంగలా అనిపించడం లేదు సౌ. కానీ ఈ పుస్తకంలో ఉన్న అంకెకి నేను ఏం జవాబు చెప్పను? ఎప్పటికైనా రుజువు పట్టుకురా. నేను బతికుండగా తెస్తే పేజీ తెరుస్తాను." ఆ మాట అని నా పేరు మీద గీత కొట్టాడు. రసీదు మీద సంతకం చేయించుకున్నది చిన్.

తర్వాతి ఎండకాలంలో నేను పదిహేను రోజులు రొయ్యల చెరువు గట్టు తవ్వి, ఆ కూలితో పది లీటర్ల తేనె కొన్నాను. అదే మూకుడు, అదే సెగ. మొదలుపెట్టేటప్పుడే అది పద్నాలుగు వందలు తూగుతోంది. ఎండకాలపు తేనెలో ఎగిరిపోయేంత నీరు ఏముంటుంది. రెండు రోజులు కాచినా అర లీటరు కూడా తగ్గలేదు. పెదనాన్నకు చూపిస్తే ఆయన గిన్నె వంచి చూసి, "ఇది నీకే ఎదురు తిరిగిందిరా" అన్నాడు. గిన్నె తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆ తేనె ఎవరూ తినలేదు, చీమలు పట్టాయి.

వానల దాకా ఆగాను. ఈసారి ఊత్ దగ్గరే కొన్నాను. లీటరు పదమూడు యాభై తూగే తేనె, సరిగ్గా పది లీటర్లు. అతణ్ణే ఎదురుగా కూర్చోబెట్టి కాచాను. పద్నాలుగు వందలకు వచ్చేసరికి ఎనిమిది లీటర్ల ఏడు వందలు మిగిలింది. కిలోల్లో పదమూడున్నర ఉన్నది పన్నెండూ చిల్లరకు దిగింది. ఊత్ నేల మీద పుల్లతో గీసి పన్నెండుతో హెచ్చవేశాడు. నూట నాలుగున్నరకు కాస్త తక్కువ.

"సరిపోయింది కదన్నా" అన్నాడు. పుల్ల పక్కన పడేశాడు. "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది."

అప్పటికి తాం పెదనాన్న పోయి నలభై రోజులు. సంఘం పెద్ద చిన్ థువాంగ్.

తేనె గిన్నె పట్టుకుని అతని ఇంటికి వెళ్లాను. థామ్ రానంది. చిన్ టీ పోసి నా ముందు పెట్టాడు. నేను లెక్క చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నాడు.

"లెక్క సరిగ్గానే ఉంది సౌ. నేనెప్పుడూ కాదనలేదు."

"అవుననీ అనలేదు. పేజీ తెరువు."

"తెరిచి ఏం రాయను?"

"కాయమని నువ్వు చెప్పావని రాయి. పదిహేను లీటర్లూ గాల్లో కలిసిపోయాయని రాయి."

చిన్ గిన్నె మూత తీసి చూశాడు. మళ్లీ పెట్టాడు. "నీకు కావల్సింది ఆ మాటా, అడవా?"

"రెండూ."

"అదే చిక్కు. మాట ఇస్తే అడవి ఇచ్చినట్టే. ఆ వాసాల మీద ఇప్పుడు నా కొడుకు బతుకుతున్నాడు. వాడికి ఏం చెప్పను?" గొంతు తగ్గించాడు. "ఆ రోజు నాకూ తెలీదు సౌ, ఇంత తగ్గుతుందని. నేనూ సీసానే చూశాను. ఒప్పుకుంటే కార్యదర్శే నిప్పు పెట్టమన్నాడని నా పదవీ, కారు డబ్బూ లాగేసేవాళ్లు. ఇద్దరం పోయేవాళ్లం."

"ఒక్కణ్ణే పోయాను."

టీ చల్లారింది. నేను తాగకుండానే లేచాను.

థామ్ ఇప్పటికీ ఏడాదికోసారి వాళ్ల నాన్న తద్దినానికి అన్న ఇంటికి వెళ్లి వంట చేసి వస్తుంది. నేను వెళ్లను. తేనె కాలంలో కూలికి పిలిస్తే ఇతరుల పట్లు కోస్తాను, ఈగలకు పొగ పెట్టే కొబ్బరిపీచు కాగడా నాదే తీసుకెళతాను. కూలి లీటరుకు ఇంత అంటారు. కొలిచేటప్పుడు నేను పక్కకు వెళ్లి కూర్చుంటాను. నాకు ఎవరి లెక్కా చూడాలని లేదు.

ఆ పుస్తకంలో కొట్టేసిన గీత కింద నా పేరు, మా నాన్న పేరు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. వాటి ఎదురుగా రాసి ఉన్నది ఇది: మూడో కాలవ ఎడమ గట్టున మూడు హెక్టార్ల రెండు వేల నాలుగు వందల చదరపు మీటర్ల చామ్ అడవి, డెబ్బై ఒక్క వాసాలు.